శవం కనబడేసరికే వంద పేజీలు: నిదానంగా నడిచే చారిత్రక నేర నవల ఎలా చదవాలి?

మూడులాంతర్లు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా చదువరుల బృందం ఈసారి ఒక చారిత్రక నేర నవల పెట్టుకుంది. అనువాదం, 520 పేజీలు. మధ్యయుగాల యూరపులో ఒక క్రైస్తవ మఠం, చలికాలం, ఒకదాని వెనక ఒకటి చావులు. అసలు విచారణ మొదలయ్యేసరికే వంద పేజీలు అయిపోతున్నాయి. అంతవరకూ ప్రహరీలు, మెట్లు, ప్రార్థనలు, మతం మీద వాదనలు, వంటశాలలో ఏ పొయ్యి మీద ఏం కాగుతోందో కూడా రాశారు. తొమ్మిదిమందిలో నలుగురు అరవయ్యో పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టేశారు.

రోజుకి ఎన్ని పేజీల లెక్కన చదవాలి? పేర్లు, వేళలు గుర్తుండటానికి పద్ధతి ఏమిటి? వర్ణనలు దాటేస్తే నష్టమా? నేరస్థుడెవరో ఊహించుకుంటూ చదవాలా, వద్దా? దీని తర్వాత 1880ల నాటి మన కళింగాంధ్ర నేపథ్యంగా ఉన్నది ఒకటి చదవాలనుకుంటున్నాం, దానికీ ఇదే పద్ధతి పనికొస్తుందా? ముగింపు మాత్రం ఎవరూ బయటపెట్టకండి, దయచేసి.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మూడులాంతర్లు గారూ, ఆ నలుగురికీ ఓపిక లేదనుకోకండి. పాకెట్ సైజు డిటెక్టివ్ నవల చదివే అలవాటుతో దీన్ని పట్టుకున్నారు, అక్కడొచ్చింది చిక్కు. ఆ నవలలో మొదటి పేజీలోనే హత్య, అక్కడినుంచి ఒకే ప్రశ్న: ఎవరు చేశారు? ఈ రకం పుస్తకంలో మొదటి వంద పేజీలకి ప్రశ్న వేరే ఉంటుంది: ఈ చోట మామూలు రోజు ఎలా గడుస్తుంది? మామూలు తెలిస్తేనే తేడా కంటికి ఆనుతుంది. వంటశాల తలుపు రాత్రిళ్లు గడియ వేసి ఉంటుందని ముప్పయ్యో పేజీలో చదివినవాడికే, నూట నలభయ్యో పేజీలో అది ఓరగా తెరిచి ఉందంటే ఒళ్లు జల్లుమంటుంది. దాటేసినవాడికి అది ఒట్టి తలుపు. కాబట్టి వర్ణనలు దాటకండి.

ముందు బొమ్మ గీయండి. పుస్తకంలో పటం ఉన్నా సరే, మీ చేత్తో ఒక తెల్ల కాగితం మీద పెన్సిలుతో గీయండి. ఉత్తరం ఎటో, సింహద్వారం ఎటో పెట్టుకుని, కథకుడు నడిచినప్పుడల్లా అడుగు అడుగు గీత కలపండి. అచ్చులో ఉన్న పటం కట్టడాలు చూపిస్తుంది. మీరు గీసిన దాంట్లో ఎవరు ఎటు నడవగలరో తేలుతుంది. ప్రతి తలుపు దగ్గర ఒక చిన్న గుర్తు పెట్టండి: గడియ లోపలివైపా, బయటివైపా, తాళమా, తాళమైతే చెవులు ఎన్ని, ఎవరి దగ్గర. సగం చిక్కుముళ్లు తలుపుల దగ్గరే విడిపోతాయి. గీత కలవడం లేదంటే, ఎడమకి తిరిగి తూర్పు గదిలోకి వెళ్లాలి గాని పడమటి గదిలో తేలాడంటే, రబ్బరుతో చెరపకండి. అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. అది రచయిత పొరపాటు కావచ్చు, కథకుడి అబద్ధం కావచ్చు. ఈ రకం నవలల్లో రెండోదే ఎక్కువ.

తర్వాత నోటుబుక్కు. నాలుగు గడులు చాలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు. మొదటి మూడూ అందరూ రాస్తారు. నాలుగోది వదిలేస్తారు, మోసపోయేది అక్కడే. "తోటమాలి అర్ధరాత్రి బావి దగ్గర ఉన్నాడు" అని రాసుకుంటే అది నిజమైపోతుంది. "తోటమాలి బావి దగ్గర ఉన్నాడని వంటవాడు చెప్పాడు" అని రాసుకుంటే ఇద్దరి మీదా కన్ను ఉంటుంది. కళ్లారా చూసింది, ఒకరు చెబితే విన్నది, ఊహించింది, ఈ మూడింటికీ మూడు రంగుల సిరా వాడితే ఇంకా మంచిది. నిదానపు నవల చదువరిని దొరకబుచ్చుకునేది నూటికి తొంభైసార్లు విన్నమాటని చూసినట్టుగా గుర్తు పెట్టుకోవడం వల్లే.

అనుమానితుల జాబితా మాత్రం సగం పుస్తకం వరకూ రాయకండి. ముందే రాస్తే ఆ పేరుకి సాక్ష్యాలు వెతుక్కుంటూ చదువుతారు, మిగతావి కంటపడవు. మీ నాలుగో ప్రశ్నకి జవాబు అదే. ఊహించండి, కానీ 250 పేజీలు దాటాక.

పేర్లకి ఒక ఉపాయం ఉంది. అనువాదాల్లో పరదేశీ పేర్లు నాలుక తిరగవు, అందుకే కలిసిపోతాయి. పక్కన వాళ్లు చేసే పని, ఒంటి మీద ఒక గుర్తు, వాళ్లకి దేని మీద యావో రాయండి: మందుల గది చూసేవాడు, కుంటికాలు, పుస్తకాల పిచ్చి. మన ఊళ్లలో మనిషిని పేరుతో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? కరణం గారి రెండోవాడు, మిల్లు దగ్గర కొట్టువాడు అనే కదా. అలాగే పెట్టుకోండి, నలభైమందైనా గుర్తుంటారు.

ఇక సామాన్ల జాబితాలు. బల్ల మీద కలం, సిరాబుడ్డి, సగం కాలిన కొవ్వొత్తి, ఉన్ని చేతితొడుగు, చిన్న కత్తెర అని ఒక వరస వచ్చిందనుకోండి. చదువరి కన్ను మొదటిదాన్నీ చివరిదాన్నీ పట్టుకుంటుంది. రచయితకి అది తెలుసు, దాచదలచుకున్నది నడిమధ్య పెడతాడు. ప్రతి జాబితాలోనూ ఆ మనిషి పనికి సంబంధం లేని వస్తువు ఏదో చూడండి. రాతగాడి బల్ల మీద కత్తెర ఉండొచ్చు. ఉన్ని తొడుగు ఒక్కటే ఉందంటే రెండోది ఎక్కడ?

మతవాదనలు విసుగనిపిస్తే ప్రతి వాదన చివరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ మాట నెగ్గితే ఎవరికి ఏం పోతుంది? భూమా, పదవా, పరువా? ఆ ఒక్క ప్రశ్నతో నలభై పేజీల శాస్త్రచర్చ ఆస్తి తగాదాలా చదువుకోవచ్చు. నిజానికి చాలాసార్లు అదే.


పాతదస్తావేజు (విజయనగరం):

పైన చెప్పిన "ఎప్పుడు" అన్న గడి గురించి రాస్తాను. మఠం కథల్లో గంటలు గడియారంతో చెప్పరు, ప్రార్థనలతో చెబుతారు. మాటిన్స్ అంటే రాత్రి చీకట్లోనే లేచి చేసేది. లాడ్స్ తెల్లవారుజామున. ప్రైమ్ సూర్యోదయం దగ్గర, మోటుగా 6. టెర్స్ 9, సెక్స్ట్ 12, నోన్ మధ్యాహ్నం 3. వెస్పర్స్ పొద్దు గుంకే వేళ, కంప్లైన్ పడుకోబోయే ముందు. దీన్ని అట్టముక్క మీద రాసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి.

మన చదువరికి ఇందులో ఒక సులువు ఉంది. ప్రైమ్ నుంచి టెర్స్, టెర్స్ నుంచి సెక్స్ట్, సెక్స్ట్ నుంచి నోన్, ఒక్కొక్కటీ మూడేసి గంటలు. అంటే సరిగ్గా ఒక జాము. పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములు అని లెక్కపెట్టినవాళ్ల మనవలం మనం. టెర్స్ అన్నచోట "మొదటి జాము దాటింది" అనుకోండి, సెక్స్ట్ అన్నచోట "రెండు జాములైంది" అనుకోండి, వేళ ఇట్టే తలకెక్కుతుంది.

ఇక్కడ అందరూ తప్పే చోటు ఒకటుంది. ఆ కాలపు గంట అరవై నిమిషాలు కాదు. పొద్దు పొడిచినప్పటినుంచి గుంకేవరకూ ఉన్న పగటిని పన్నెండుగా పంచితే వచ్చేది ఒక గంట. విజయనగరంలో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలుంటుంది కాబట్టి మనకి ఈ తేడా పెద్దగా తెలియదు. ఉత్తర ఇటలీ చలికాలంలో పగలు 9 గంటలకి కాస్త తక్కువే. అక్కడ పగటి గంట 45 నిమిషాలకి కుదించుకుపోతుంది, రాత్రి గంట 75 నిమిషాలకి సాగుతుంది. రాత్రి ప్రార్థనకీ తెల్లవారు ప్రార్థనకీ మధ్య హంతకుడికి ఎంత వ్యవధి దొరికిందో లెక్కేసేటప్పుడు ఇది పట్టించుకోకపోతే లెక్క తప్పుతుంది. చలికాలం నేపథ్యం రచయితలు ఊరికే ఎంచుకోరు.

ఇక 1880ల మన ప్రాంతం సంగతి. పద్ధతి అదే, కాకపోతే దూరాలు ముందు తేల్చుకోవాలి. విజయవాడ నుంచి కటక్ దాకా రైలు మార్గం వేసి తెరిచింది 1893–96 మధ్య. అంతకుముందు కథ అయితే ఈ దారిలో రైలు ఉండకూడదు. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాదాపు 70 కిలోమీటర్లు. ఎడ్లబండి గంటకి మూడు, నాలుగు కిలోమీటర్లు వెళుతుంది, మధ్యలో ఎడ్లకి మేత, నీళ్లు, విశ్రాంతి. అంటే దారిలో కనీసం ఒక రాత్రి, వానాకాలమైతే రెండు మూడు రాత్రులు మజిలీ. "పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి చేరాడు" అని ఒక పాత్ర చెప్పిందంటే అది పల్లకీ బోయీలు దారిలో మారుతూ మోసిన ప్రయాణమైనా కావాలి, గుర్రమైనా కావాలి, అబద్ధమైనా కావాలి. ఈ రకం నవలలో నిదానం ఆ దూరాలవల్ల వచ్చిందే. కబురు వెళ్లి జవాబు వచ్చేలోగా నాలుగు అధ్యాయాలు గడుస్తాయి, ఆ నాలుగు అధ్యాయాల్లో సాక్షి మనసు మార్చుకుంటాడు.

జిల్లాలు కూడా చూసుకోండి. అప్పుడు విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అంతే. నాగావళిలో కొట్టుకొచ్చిన శవం ఎగువన ఒక కలెక్టరుది, దిగువన ఇంకో కలెక్టరుది అవుతుంది. రచయిత తెలిసి రాసి ఉంటే కథ అక్కడ మలుపు తిరుగుతుంది. కొండప్రాంతమైతే మరీ వేరు. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టారు. కింద మైదానంలో దొరికే న్యాయం, మీద కొండలో దొరికే న్యాయం ఒకటి కావు. ఈ సంగతులకి 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ పక్కన పెట్టుకుంటే చాలు, రోడ్లు, సంతలు, సంస్థానాలు అన్నీ అందులో ఉన్నాయి.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ఉత్తరంలో "హేవిళంబి" అని ఉంటే అది 1837 కావచ్చు, 1897 కావచ్చు. పాత ఉత్తరాల మీద నడిచే కథలో ఈ అరవై ఏళ్ల సందులో ఒక తరం మొత్తం దాక్కోవచ్చు.


గంటస్తంభం (విజయనగరం):

పాతదస్తావేజు గారికి ఒక చేర్పు. రైలొచ్చిన తర్వాత కథ అయితే ఊళ్లో రెండు వేళలు ఉంటాయి. 1906 జనవరి 1న ఇప్పటి భారత ప్రామాణిక కాలం వచ్చేదాకా రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. విజయనగరం మద్రాసుకి తూర్పున మూడు డిగ్రీలకి పైగా ఉంది, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే ఇక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి రైల్వే గడియారం 11 గంటల 48 నిమిషాల దగ్గర ఉంటుంది. నీడ చూసి వేళ చెప్పిన సాక్షికీ, స్టేషన్ గడియారం చూసి చెప్పిన సాక్షికీ పన్నెండు నిమిషాల తేడా వస్తుంది, ఇద్దరూ నిజమే చెప్పినా సరే. శ్రీకాకుళం కథైతే ఇంకొకటి: రైలు ఊళ్లోకి రాదు, ఆమదాలవలసలో దిగి బండి కట్టించుకోవాలి. ఆ బండివాడు ఒక సాక్షి. వాడిని రచయిత మరిచిపోయాడేమో చూడండి.


ఏడురోడ్లు (శ్రీకాకుళం):

అన్నీ బాగానే చెప్పేరు గాని, నోటుబుక్కు మాటకి నేను అడ్డం. తొలి చదువులోనే పెన్సిలు, మూడు రంగుల సిరా, నాలుగు గడులు అంటే పుస్తకం కాస్తా పరీక్షలాగ తయారవుద్ది. ఆగిపోయిన నలుగురూ ఆ మాట వింటే మరి ఇటు తిరిగి చూడరు.

దానికన్నా నోటితో చదవండి. గట్టిగా, పక్కవాళ్లకి వినిపించీలాగ. ఈ రకం నవలల్లో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, కంటితో చదివితే సగంలో మనసు జారిపోద్ది. నోటితో చదివితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెప్తాది. గంటకి పన్నెండు, పదిహేను పేజీలకి మించి సాగదు, సాగనక్కర్లేదు కూడా. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర మాటలు పట్టుకోండి. అబద్ధం చెప్పే పాత్ర గొంతు పలికినోడికే ముందు తెలిసిపోద్ది, మాట నాలుక మీద ఎక్కడో తట్టుకుంటాది.

కోర్టు ఉన్న కథలకి ఇది మరీ పనికొస్తాది. మన గురజాడవారి కన్యాశుల్కంలో శవం లేని ఖూనీ కేసు ఉంది చూడండి. పెళ్లికూతురి వేషంలో ఉన్నది మగపిల్లాడు, వాడు వేషం తీసీసి పోతే, లేని పెళ్లాన్ని చంపేడని ముసలి పెళ్లికొడుకు మీద కేసు. సాక్షులెలా పుడతారో, పోలీసు ఏం అడుగుతాడో, వకీలు ఏం నములుతాడో అంతా మాటల్లోనే ఉంది. 1880ల కథ ఎత్తుకునే ముందు ఆ కోర్టు కేసు నడిచే అంకాలు ఒకసారి నోటితో చదివీసుకోండి. అప్పటి మాట ఎలగ తిరిగేదో చెవికి పట్టుబడతాది.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

ఏడురోడ్లు గారూ, నోటితో చదవాలన్న మాట మంచిదే, ఒప్పుకుంటున్నాను. అయితే రెండూ కలపొచ్చు. అందరూ రాయక్కర్లేదు. బృందంలో ఒక్కరు నోటుబుక్కు పట్టుకుంటే చాలు, మిగతావాళ్లు వింటారు. "ఇది ఎవరు చెప్పారు?" అని ఆ ఒక్కరూ మధ్యమధ్యలో అడిగితే చాలు.


మూడులాంతర్లు (విజయనగరం):

చాలా సంతోషం అండీ, ఇంత వివరంగా చెప్పినందుకు. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, పాతకాలపు కథల్లో విషం పెట్టి చంపితే ఎవరూ పట్టుకోలేకపోవడం నమ్మశక్యంగా లేదని మా వాళ్లలో ఒకరు పట్టుబడుతున్నారు. రెండు, ముద్దాయి తన తరఫున తాను నోరు విప్పడు, చదివేవాళ్లకి చిరాకొస్తుంది. "నేను ఆ రోజు ఊళ్లోనే లేను" అని ఒక్క మాట చెబితే అయిపోతుంది కదా?


కల్వం (విజయనగరం):

విషం సంగతి నేను చెబుతాను.

ఏ సాధనం ఏ సంవత్సరంలో వచ్చిందో ఒక చీటీ మీద రాసుకుని చదవండి, అప్పుడు నమ్మశక్యమా కాదా అన్నది ఎవరికి వారే తేల్చుకోవచ్చు. పాషాణాన్ని, అంటే ఆర్సెనిక్‌ని, శరీరంలో కొద్దిపాటిగా ఉన్నా పట్టుకోగల మార్ష్ పరీక్ష 1836లో వచ్చింది. అంతకుముందు కథల్లో వైద్యుడు ఎక్కువగా వాసన, రంగు, రోగలక్షణాల మీదే మాట్లాడతాడు. తెల్ల పాషాణానికి రుచీ వాసనా లేవు, పిండిలో కలిస్తే పిండే. పైగా దాని లక్షణాలు అచ్చం కలరా లక్షణాలే: వాంతులు, విరేచనాలు, కాళ్లు చేతులు లాగడం, ఒళ్లు చల్లబడటం. ఊళ్లో కలరా ఉన్న నెలలో ఒక చావుని ఎవరు అనుమానిస్తారు? వైద్యశాస్త్రం చెప్పే తేడా చిన్నది. పాషాణంలో ముందు గొంతు మంట, తర్వాత వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. కలరాలో విరేచనాలు ముందు, వాంతులు తర్వాత. నవలలో పనిమనిషి "పాపం, ముందు గొంతు పట్టుకున్నారు" అని ఒక్క ముక్క అంటుంది చూడండి, ఆ మాట రెండు వందల పేజీల తర్వాత పనికొస్తుంది. అందుకే రోగం వర్ణనలో వరస ముఖ్యం, ఆ వరస రాసి పెట్టుకోండి.

ఉమ్మెత్త ఇంకోరకం. నోరు ఎండిపోవడం, కంటిపాప పెద్దదవడం, పొంతన లేని మాటలు, బట్టలు పీక్కోవడం. దాని గింజలు మిరప గింజల్లా కనబడతాయి, కూరలో తేలిగ్గా కలిసిపోతాయి. బాటసారులని మత్తులో ముంచి దోచుకునే దొంగల చేతిలో ఇది మామూలు సరుకు. 1880ల మన కథలో సత్రంలో ఎవరైనా పిచ్చిగా మాట్లాడితే దెయ్యం పట్టిందని ఊరు అంటుంది, చదువరి మాత్రం ఆ రాత్రి కూర ఎవరు వండారో వెనక్కి వెళ్లి చూడాలి.

మన నేపథ్యంలో పెద్ద అడ్డంకి దహనం. యూరపు కథలో నెల తర్వాత సమాధి తవ్వించి పరీక్ష చేయిస్తారు, పాషాణం ఎముకల్లో, జుట్టులో నిలిచే ఉంటుంది. ఇక్కడ ఆ రోజే చితి పెట్టేస్తే ఇక చూడటానికి దాదాపు ఏమీ ఉండదు. కథలో ఎవరైనా దహనానికి మరీ తొందరపెడితే, ఆ తొందర మామూలు ఆచారమా, అంతకు మించిందా అన్నది గమనించండి. శవం మిగిలి ఉంటే పొట్టలోని భాగాలు సీసాలో వేసి, సీలు పెట్టి, మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్‌కి పంపేవారు. రైలు లేని రోజుల్లో ఆ సీసా ప్రయాణం, జవాబు తిరిగి రావడం కథలో ఎంతకాలం పట్టాలో ఊహించుకోవచ్చు.

శవం బిగుసుకోవడం కూడా చూసుకోండి. చలిదేశంలో ఆ బిగువు రెండు మూడు రోజులు నిలుస్తుంది. మన వేసవిలో ఒకటి, ఒకటిన్నర రోజుకే సడలిపోతుంది, కుళ్లడం అంతకన్నా ముందే మొదలవచ్చు. వైశాఖమాసం కథలో రెండో రోజు సాయంత్రం కూడా శవం కొయ్యలా ఉందని రాస్తే, పక్కన గుర్తు పెట్టండి.

రక్తం మరక మనిషిదా, మేకదా అని తేల్చే పరీక్ష 1901లో వచ్చింది. అంతకుముందు "మేకని కోశానండి" అంటే కాదనడానికి ఆధారం లేదు. వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది, ప్రపంచంలో మొదటిది అదే అంటారు. దానికి పనిచేసే వర్గీకరణ తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. బెంగాల్లోని జల్పాయిగురి టీ తోట మేనేజరు హత్య కేసులో పంచాంగం మీద పడిన రక్తపు వేలిముద్ర 1898లో ఒకతనికి శిక్ష పడటానికి ఆధారమైంది. అక్కడ కూడా దొంగతనానికే శిక్ష పడింది, హత్య రుజువు కాలేదు. 1885 కథలో వేలిముద్రతో నేరస్థుడిని పట్టేశారంటే పుస్తకం మీద నమ్మకం తగ్గించుకోవచ్చు.


పాతదస్తావేజు (విజయనగరం):

రెండో సందేహానికి జవాబు చట్టంలో ఉంది. ఇంగ్లండు కథైతే, ముద్దాయి తన కేసులో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు అందరికీ వచ్చింది 1898లో. పెద్ద నేరాల్లో అతని తరఫు వకీలు జూరీని ఉద్దేశించి మాట్లాడే హక్కు కూడా 1836లో గాని రాలేదు. 1898కి ముందు కథలో ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పకపోతే అది మొండితనం అనుకోకండి. విచారణ చేసేవాడు మఠంలో సన్యాసో, ఊళ్లో వైద్యుడో ఎందుకవుతాడో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. లండన్‌కి పోలీసు దళం వచ్చిందే 1829లో, అందులో డిటెక్టివ్ విభాగం 1842లో. అడిగే అధికారం లేనివాడు అడుగుతున్నాడు కాబట్టి చుట్టూ తిరిగి అడగాలి, కథ అందుకే నిదానం.

ఇక్కడి కథకైతే మూడు తేదీలు గుర్తుంటే చాలు. మద్రాసు పోలీసు చట్టం 1859. భారత శిక్షాస్మృతి అమల్లోకి వచ్చింది 1862 జనవరి 1న. సాక్ష్య చట్టం 1872, అందులో 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. ఠాణాలో హెడ్డు కానిస్టేబులు ముందు ఒప్పేసుకున్నాడు, ఇంకా నూట ఎనభై పేజీలు ఎందుకున్నాయి అని మీ వాళ్లు అడిగితే, ఈ సెక్షను చూపించండి. అయితే ఆ మాటవల్ల ఒక వస్తువు దొరికితే, దొరికినంత మేరకు అది పనికొస్తుంది, 27వ సెక్షను. అందుకే ఈ కథల్లో బావులూ, పెరటి గోతులూ తవ్వించే ఘట్టాలు అన్ని ఉంటాయి. 1872కి ముందు కథైతే ఈ రెండు సెక్షన్లూ, 1862కి ముందైతే శిక్షాస్మృతి కూడా ఉండకూడదు. కంపెనీ మార్పులు చేసుకున్న ఇస్లామిక్ నేరస్మృతి అప్పటి ఫౌజ్దారీ కోర్టులకి ఆధారం. ఖూనీకి 302 అన్న అంకె కూడా 2024 జూలై 1 నుంచి 103గా మారింది, మీలో కుర్రవాళ్లకి ముందే చెప్పండి.

ఒక మాట విషయంలో మరీ జాగ్రత్త. ముద్దాయి అన్న మాటకి అరబీ మూలంలో దావా వేసినవాడని అర్థం. ఇప్పటి తెలుగులో సరిగ్గా ఎదుటివాడు. పాత కోర్టు కాగితం తీరుగా రాసిన అధ్యాయం వస్తే ఫిర్యాదీ ఎవరో, నేరం మోపబడినవాడు ఎవరో వాక్యాన్నిబట్టి తేల్చుకుని ముందుకెళ్లండి. 1852 నాటి బ్రౌణ్య నిఘంటువు దగ్గరుంచుకుంటే ఇలాంటి మాటలకి ఆసరా.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మొదటి ప్రశ్న మిగిలిపోయింది, రోజుకి ఎన్ని పేజీలని. వారానికోసారి కలుస్తారనుకుని చెబుతున్నాను. 520 పేజీలని సమానంగా పంచకండి, అక్కడే బృందాలు విరుగుతాయి. మొదటివారం 60 పేజీలే. కలిసినప్పుడు కథ గురించి మాట్లాడొద్దు, అందరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోవారం 90. మూడు, నాలుగు వారాల్లో 120 చొప్పున. అక్కడికి 390 అవుతాయి. ఐదోవారం ముందుకి వెళ్లకండి. మొదటి 60 పేజీలూ మళ్లీ చదవండి. ఆ నలుగురూ ఆగిపోయిన పేజీలే అవి, ఈసారి ఒక్క వాక్యం కూడా ఊరికే లేదని తెలుస్తుంది. ఆ వారమే ఎవరికి వారు పేరు రాసి, కారణం మూడు వాక్యాల్లో రాసి, చీటీ మడిచి ఒకరి దగ్గర ఉంచండి. మిగిలిన 130 పేజీలూ ఆరోవారం రెండు విడతల్లో పూర్తిచేయండి, మధ్యలో రోజులు గడవనివ్వకండి, దారాలన్నీ చేతిలో ఉండగానే ముడి విప్పాలి.

చీటీలు చదివేటప్పుడు పేరు సరిపోయిందా లేదా అన్నది తర్వాత. కారణం ఏ పేజీ మీద ఆధారపడిందో ముందు అడగండి. సరైన పేరు తప్పు కారణంతో రాసినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, తప్పు పేరు మంచి కారణంతో రాసినవాళ్లూ ఉంటారు. ఆ రెండో రకం చీటీల మీద ఎక్కువసేపు కూర్చోండి, రచయిత ఎక్కడ ఏ దారి మళ్లించాడో అక్కడ దొరుకుతుంది.


ఏడురోడ్లు (శ్రీకాకుళం):

ఆ ఐదోవారం 60 పేజీలూ మటుకు నోటితోనే చదవండి. పాత్రలు పంచుకుని, తొమ్మిదిమందీ.


మూడులాంతర్లు (విజయనగరం):

అలాగే చేస్తాం అండీ. నోటుబుక్కు ఒక్కరి చేతిలోనే ఉంటుంది, ప్రార్థన వేళల అట్టముక్కలు తొమ్మిది కత్తిరిస్తున్నాం, వెనకవైపు జాముల లెక్క రాసి. ఈ ఆదివారం ఆగిపోయిన నలుగురినీ మళ్లీ పిలుస్తున్నాం, 60 పేజీలు, తెల్ల కాగితం, పెన్సిలు తెచ్చుకోమని చెప్పి.